ఉమ్మేయని గుక్క

మధ్యాహ్నం ఒంటిగంట పది. నాలుగింటికల్లా నూకరత్నాన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతామని సీఐ పల్లంరాజు పొద్దున్నే ఫోన్లో చెప్పేశాడు. కబురందించే మర్యాద కన్నా, ఈలోగా నువ్వేం చేస్తావో చూస్తానన్న సరదానే ఆ గొంతులో ఎక్కువ వినబడింది ఆశాజ్యోతికి. రాజమండ్రి నుంచి కాకినాడ దాకా కారు నడిపినంత సేపూ ఆమె గడియారం చూస్తూనే ఉంది. స్టేషన్లో కుర్చీ వేసినా కూర్చోలేదు. కుదురుగా కూర్చోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ చేతకాదు. పదేళ్ళు వేలిముద్రల విభాగంలో, ఎనిమిదేళ్ళు సొంత డిటెక్టివ్ ఆఫీసులో, అన్నేళ్ళూ నిలబడే నెట్టుకొచ్చింది.

కేసు చూడబోతే చిన్నదే. నిన్న బుధవారం పదకొండూ యాభైకి గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషి, రాజరత్నం గారు ముందు గదిలో పడిపోయి ఉండటం చూశాడు. అరవై ఎనిమిదేళ్ళ రాజరత్నం ముప్ఫై ఏళ్ళు సరుకు ఓడల్లో తిండి, తాగుడు సరుకుల లెక్క చూసే చీఫ్ స్టీవార్డుగా తిరిగి వచ్చిన మనిషి. ఇప్పుడు ‘అందుబాటు సీసా’ అని యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాడు. ఏ దేశపు వైన్ చవకగా దొరుకుతుందో, ఏది మన కూరలకి నప్పుతుందో చెప్పడం దాని పని. గుండె జబ్బు లేని ఆ మనిషి రక్తంలో గుండె మందు మోతాదుకి అయిదారు రెట్లు ఉంది. పదిన్నరకీ పదకొండుకీ మధ్య కడుపులోకి వెళ్ళి ఉండాలన్నారు డాక్టర్లు. ఇంకా స్పృహ రాలేదు.

ఆయన చెల్లెలు బేబి, రిటైర్డ్ టీచరు. పాలకొల్లులో పెళ్ళికి వెళ్ళి నిన్న సాయంత్రం పరిగెత్తుకొచ్చింది. ఆశాజ్యోతిని పిలిపించింది ఆవిడే. “మా అన్నయ్యకి నూకరత్నం అపకారం చెయ్యదండి. ఇంకెవరో ఉన్నారు. పట్టుకోండి,” అని ఒకటే మాట అంది.

నూకరత్నం ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా చేపలమ్మే మనిషి. రాజరత్నం బల్ల మీద దొరికిన రెండో గ్లాసు మీద ఆవిడ వేలిముద్రలున్నాయి.

“నూకరత్నం గారూ, నిన్న ఎన్నింటికి వెళ్ళారు ఆ ఇంటికి?”

గారూ అనేసరికి ఆవిడ తలెత్తింది. నిన్నటి నుంచీ ఈ స్టేషన్లో ఆ మాట వినబడి ఉండదు.

“తొమ్మిదీ నలభైకండి. కొరమేను ఇచ్చాను. వీడియో అయ్యేదాకా ఉండవే అన్నారు. పదిన్నర కాకుండానే ఒచ్చేశానండి.”

“గ్లాసు ఎందుకు ముట్టుకున్నారు?”

“ఆరే ఇస్తారండి. తాగడానికి కాదు, వాసన సూడ్డానికి. మొప్ప ఎత్తి వాసన సూసి, సేప ఏ పూట పట్టిందో సెప్పేస్తాను కదండీ. నాలిక నాది, ముక్కు నీది అంటారు. ఆరి వీడియోలో సగం మాటలు నావేనండి.”

“నిన్న ఏం చెప్పింది మీ ముక్కు?”

“మొదటిది పచ్చి మావిడికాయ కోసినట్టుందండి. రెండోది దోర జాంపండు. మూడోది లవంగం, మాడిన పంచదార. మంగళారం ఆ సీసా తీసినప్పుడే సెప్పాను. ఇది చిలీ దేశందే, క్యాప్సికం వాసన రావాలే, నీకు పడిశం పట్టిందా అని కోప్పడ్డారు. నేనూ ఊరుకోలేదండి. గేటు కాడ నిలబడి, ఇది మీ జీవరాజుగారి దొడ్లో సర్చికి ద్రాచ్చపళ్ళు పొయ్యి మీద కాసినప్పుడొచ్చే వాసనే, నా ముక్కు మీద ఒట్టు అని గట్టిగా అరిచేశాను.”

“జీవరాజు గారెవరు?”

“రాజరత్నంగారి సర్చిలో పెద్దండి. ఆరి పెరటి గుమ్మంలోనూ సేపలేస్తాను.”

తలుపు దగ్గర దగ్గు వినబడింది. పల్లంరాజు ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు. మనిషి పొడుగు, చొక్కా మడత నలగనివ్వడు. కిందటేడు ఒక వజ్రాల కేసులో ఆశాజ్యోతి తనకన్నా రెండు గంటల ముందు దొంగ ఇంటికి చేరిందన్న సంగతి ఇంకా మింగుడుపడలేదు అతనికి.

“అరిచింది నిజమేనండి మేడం గారూ. ఆ జీవరాజు గారే స్వయంగా వచ్చి స్టేట్‌మెంట్ ఇచ్చారు. అటుగా వెళ్తూ విన్నారట. ‘నీ సీసాలతోనే నువ్వు పోతావు’ అందట ఈవిడ.”

“ఆ మాట నేననలేదండి,” అంది నూకరత్నం. గొంతు పెంచలేదు. ఆశాజ్యోతికి ఎందుకో ఆ పెంచకపోవడమే నచ్చింది.

“వాసన సంగతి చెప్పారా ఆయన స్టేట్‌మెంట్లో?”

“ఏ వాసన?”

“లవంగం వాసన. గట్టిగా అరిచిన మాట అది. దాన్ని వదిలేసి, అనని మాట విన్నారా?”

“చేపలావిడ ముక్కుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదండి,” అన్నాడు పల్లంరాజు నవ్వుతూ. “ఇల్లు చూస్తారా? తాళం నేనే తీస్తాను. మీరేం ముట్టుకుంటారో చూడాలి కదా.”

ఇంటికి చేరేసరికి ఒకటీ యాభై. ముందు గదిలో బల్ల, దాని మీద మూడు సీసాలు, రెండు గ్లాసులు, ఒక పెగ్గు కొలత. బల్లకి ఆరడుగుల దూరంలో చేతులున్న చెక్క కుర్చీ. రాజరత్నం ఆ కుర్చీ ముందే బోర్లా పడి ఉన్నాడు.

“ల్యాబ్ రిపోర్టు ఎప్పుడు?”

“పది రోజులు.”

“పది రోజులూ ఆవిడ జైల్లో.”

“నేను పెట్టిన రూలు కాదండి.”

ఆశాజ్యోతి గది ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిచింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిపించి నిన్నటి వీడియో పెట్టమంది. కెమెరాలో టైము పదీ రెండు నుంచి పదీ ఇరవై ఒకటి.

తెర మీద రాజరత్నం నీలం టీషర్టు వేసుకుని, పెళ్ళికొడుకు తరఫు మనిషిలా హుషారుగా ఉన్నాడు. “ఇది పోర్చుగల్ ఉత్తరాన దొరికేదండి. తెల్లగా ఉన్నా పచ్చ వైన్ అంటారు, లేతది కాబట్టి. నాలిక మీద సన్నగా చిమచిమలాడుతుంది, మత్తు తక్కువ. రొయ్యల వేపుడికి దీన్ని మించింది లేదు. ఐసు పెట్టెలో చేప ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా పుచ్చుకోండి.” తర్వాత రెండో సీసా. “దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్. జాంపండు, వెనకాల కాస్త తేనె. చేపల పులుసులో చింతపండుకి ఎదురు నిలబడగలిగేది ఇదొక్కటే. పెద్ద పేరున్న ఫ్రెంచి సీసా పక్కన పెట్టినా నేను దీనికే చెయ్యి చాస్తాను. మంచి రుచికి గొప్పింట్లో పుట్టక్కర్లేదండి.” మూడో సీసా రుచి చూశాక మాత్రం ఆయన మొహం మారింది. “దీని సంగతి శుక్రవారం చెబుతాను,” అని ఆపేశాడు.

“చూశాం కదండీ. మూడూ తాగాడు,” అన్నాడు పల్లంరాజు.

“వెనక్కి తిప్పండి. కుడి చేతి పక్క చూడండి.”

ప్రతి గుక్కనీ రాజరత్నం పుక్కిలించి, పక్కనున్న స్టీలు బకెట్లో ఉమ్మేస్తున్నాడు. నూకరత్నం గ్లాసులో వాసన చూశాక మిగిలింది కూడా అందులోనే ఒంపేస్తున్నాడు.

“రుచి చెప్పేవాళ్ళు మింగరండి. మింగితే మూడో సీసాకి నాలిక మొద్దుబారుతుంది. ఆ బకెట్ ఏది?”

పల్లంరాజు హెడ్ కానిస్టేబుల్ వైపు చూశాడు. హెడ్ కానిస్టేబుల్ నేల వైపు చూశాడు.

“ఎంగిలి బకెట్టండి. ముసలాయన కళ్ళె ఊసుకునేది అనుకున్నాం. వెనక బాత్రూంలో పెట్టించేశానండి.”

“సీసాలకి సీళ్ళేశారు, గ్లాసుల మీద పౌడరు చల్లారు, ఎంగిలి అనేసరికి సాక్ష్యాన్ని బాత్రూంలోకి తోసేశారు,” అంది ఆశాజ్యోతి. చిరాకు దాచుకోవాలని కూడా అనుకోలేదు. తనే వెళ్ళి బకెట్ తెచ్చింది. చేతులకి తొడుగులేసుకుని, వంటింట్లో కొలత గ్లాసు వెతికి, ఒంపింది. హెడ్ కానిస్టేబుల్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“మూడు వైన్లు, రెండేసి గ్లాసులు. అంతా ఈ పెగ్గు కొలతతో పోశారు, ముప్ఫై మిల్లీ లెక్కన. మొత్తం నూట ఎనభై. ఇందులో నూట డెబ్భై అయిదు ఉంది. కాస్త ఉమ్మి కలుస్తుంది, కాస్త ఆరిపోతుంది. మనిషి కడుపులోకి వెళ్ళింది ఏమీ లేదు రాజుగారూ.”

“వీడియో అయ్యాక ఇంకో గ్లాసు పోసిచ్చి ఉండొచ్చు కదా.”

మంచి ప్రశ్న. పల్లంరాజు తెలివితక్కువవాడు కాదు, తొందరపాటు మనిషి. ఆశాజ్యోతి సీసాలు మూడింటినీ కిటికీ వెలుతురులోకి తిప్పింది. ఒక్కొక్క దాని మీదా నల్ల మార్కరుతో సన్నటి గీత, పక్కన ‘బుధ 10.25’ అని చిన్న అక్షరాలు.

“ఓడలో స్టీవార్డులు తెరిచిన ప్రతి సీసాకీ ఇలా గీత పెడతారు, దొంగచాటుగా ఎవరైనా తాగితే తెలియాలని. పదీ ఇరవై అయిదుకి గీత పెట్టాక ఒక్క చుక్క కూడా తగ్గలేదు. వైన్ సరిగ్గా గీతలకి ఆనుకునే ఉంది. చూడండి.”

పల్లంరాజు వంగి చూశాడు.

“అయితే మందు ఎందులోంచి వెళ్ళినట్టు?”

“అదే వెతుకుతున్నా.”

రెండూ పది. పుస్తకాల అరలో రాజరత్నం చేతిరాత నోటుబుక్ దొరికింది. నిలబడే తిరగేసింది. ‘గోంగూర మాంసానికి స్పెయిన్ గార్నాచా. చవక, ధైర్యం ఉన్న వైన్. కోడి వేపుడికి అర్జెంటీనా మాల్బెక్, సీసా తీసి అరగంట ఆగితే మెత్తబడుతుంది. ఆవకాయతో ఏ వైనూ వద్దు. ఆవకాయని అవమానించకండి.’ ఆశాజ్యోతికి నవ్వొచ్చింది, వెంటనే బాధ కూడా వేసింది. ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే రాశాడు ఆ మనిషి. ఆఖరి పేజీలో నిన్నటి తారీఖు ఉంది.

‘మూడోది నకిలీ. యానాంలో కొన్న చిలీ సీసా, లేబులు అసలుది, లోపలి సరుకు ఇక్కడిది. నూకరత్నం ముక్కు గెలిచింది. పోయిన నెల నేనే దీన్ని కొనమని చెప్పాను. నా మాట నమ్మి ఎంతమంది కొన్నారో. శుక్రవారం అందరికీ చెప్పేస్తాను, ఎవరి దొడ్లో తయారవుతోందో కూడా. సంఘం ఏమన్నా సరే.’

“సంఘం ఏమనాలి ఇందులో?” అన్నాడు పల్లంరాజు.

జవాబు పక్కనే ఉన్న బైబిల్లో దొరికింది. నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం. నాలుగు నెలల కిందటిది. వైన్ గురించి వీడియోలు పెట్టి సంఘానికి తలవంపులు తెచ్చినందుకు రాజరత్నాన్ని చర్చిలో అందరూ కలిసి పుచ్చుకునే ప్రభువు బల్లకి దూరంగా ఉంచుతున్నట్టు కమిటీ తీర్మానం. కింద కార్యదర్శి సంతకం. జీవరాజు.

మడతల దగ్గర కాగితం చిరిగేలా ఉంది. ఈ నాలుగు నెలల్లో ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు తెరిచి మూశాడో.

ఆశాజ్యోతి బల్ల వదిలేసి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. “ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు ఒంటి మీద ఏముంది?”

హెడ్ కానిస్టేబుల్ డైరీ చూశాడు. “తెల్ల చొక్కా అండి, ఇస్త్రీది. తెల్ల ప్యాంటు. కాళ్ళకి ఏమీ లేవు.”

“వీడియోలో నీలం టీషర్టు, కాళ్ళకి చెప్పులు. పదీ ఇరవై అయిదుకి సీసాల మీద గీతలు పెట్టి, ఆ తర్వాత బట్టలు మార్చుకున్నారు. ఎందుకు? ఎక్కడికీ వెళ్ళట్లేదు. వెళ్ళేవాడైతే చెప్పులు విప్పడు.”

బాత్రూంలో వాష్‌బేసిన్ దగ్గర నీలం టీషర్టు వేలాడుతోంది. బేసిన్ అంచున ఎర్రటి మరక, పక్కన మూత పెట్టని టూత్‌పేస్టు. వైన్ మరకలు పోయేలా నోరు కడుక్కున్నాడు. ఆశాజ్యోతి గబగబా వెనక్కొచ్చి, కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కుర్చీ కుడి చేతి మీద చీమల బారు. బారు వెళ్ళి ఆగిన చోట ఒక గుండ్రటి జిగట మచ్చ, అయిదు రూపాయల బిళ్ళంత.

ఆమె బల్ల మీది గ్లాసు అడుగు వైపు చూసింది. అరచెయ్యంత వెడల్పు ఉంది. మళ్ళీ బిళ్ళంత మచ్చని చూసింది.

“ఆ మూడు సీసాల్లో చీమలు పట్టేంత తీపి లేదు. బల్ల మీద చీమ ఒక్కటి లేదు చూడండి. చీమలన్నీ ఇక్కడే ఉన్నాయి.” ముక్కు దగ్గరగా పెట్టింది. నూకరత్నం ముక్కు కాకపోయినా ఆ వాసన తెలియడానికి ఈమె ముక్కు చాలు. “లవంగం.”

ఆమె లేవలేదు. కుదురులేని మనిషి ఒక్కసారి కదలకుండా ఉండిపోయేసరికి పల్లంరాజుకే ఏదోలా అనిపించింది.

“ఏంటి మేడం?”

“మా నాన్న లూథరన్ స్కూల్లో టీచరండి. మా నాయనమ్మ మంచాన పడ్డప్పుడు నెలకోసారి పాస్టరుగారు చిన్న పెట్టె పట్టుకుని ఇంటికొచ్చేవారు. అందులో ఒక రొట్టె ముక్క, బొటనవేలంత గాజు గ్లాసు. గుడికి రాలేనివాళ్ళకి ఇంటి దగ్గరే ప్రభువు బల్ల. ఆయన వస్తున్నారంటే చాలు, నాయనమ్మ నోరు కడిగించుకుని తెల్లచీర కట్టించుకునేది. చెప్పులు గుమ్మం అవతలే. మేం వైన్ పుచ్చుకుంటాం. వీళ్ళ సంఘంలో వైన్ ముట్టరు, నల్లద్రాక్ష పళ్ళు పంచదార వేసి కాస్తారు.”

“లవంగంతో,” అన్నాడు పల్లంరాజు నెమ్మదిగా.

“జీవరాజు గారి దొడ్లో. అదే దొడ్లో, అవే ద్రాక్షలకి స్పిరిటు కలిపి చిలీ వైన్ కూడా తయారవుతోంది. మంగళవారం గేటు దగ్గర నూకరత్నం అరిచింది ఆయన చెవిన పడింది. బుధవారం పొద్దున్న పెట్టె పట్టుకుని వచ్చారు. కమిటీ మనసు మార్చుకుంది, బల్ల నేనే తెచ్చాను అని ఉంటారు. నాలుగు నెలలు ఆ ఉత్తరం విప్పుకుని చూసుకున్న మనిషి, సంతోషంతో బట్టలు మార్చుకోవడానికి పరిగెత్తి ఉంటాడు.”

పల్లంరాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “అంతా బాగానే ఉంది. కానీ నోట్లో పోసిన ప్రతిదీ ఉమ్మేసే మనిషి, అది మాత్రం మింగాడంటారా?”

“అన్నవరం ప్రసాదం మీరు ఉమ్మేస్తారా రాజుగారూ?”

పల్లంరాజు జేబులోంచి సెల్ తీశాడు. నూకరత్నాన్ని కోర్టుకి తీసుకెళ్ళొద్దు, కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టమని స్టేషన్‌కి ఫోన్ చేశాడు. టీ కూడా ఇమ్మన్నాడు. అంతవరకూ అతని మీదున్న కోపంలో సగం ఆ టీతో పోయింది ఆశాజ్యోతికి.

రెండూ నలభై అయిదుకి ఆమె ఫోన్ మోగింది. బేబి.

“అన్నయ్య కళ్ళు తెరిచాడండి,” ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. “పావుగంటయింది. నన్ను గుర్తుపట్టాడు. మాట రావట్లేదు గానీ చెయ్యి నొక్కాడు.”

“దేవుడి దయండి. మీరు ఆయన పక్కనే ఉండండి. మేం వస్తున్నాం.”

“కింద క్యాంటీన్లో ఉన్నానండి, నిన్నటి నుంచీ ఏమీ తినలేదు కదా. ఫర్వాలేదు, అన్నయ్య దగ్గర జీవరాజు గారున్నారు. నేనే ఫోన్ చేసి చెప్పాను, వెంటనే వచ్చేశారు పాపం. డాక్టరు గారు అయిదు నిమిషాలు ప్రార్థనకి ఒప్పుకున్నారు.”

“బేబి గారూ, ఆయన చేతిలో ఏమన్నా ఉందా?”

“పెట్టె తెచ్చారండి. కమిటీ క్షమించిందట. నాలుగు నెలల తర్వాత మా అన్నయ్య మళ్ళీ బల్ల పుచ్చుకుంటున్నాడు. పెదాలకి తాకించి ఒక్క గుక్క అంతే అన్నారు. నర్సుని కూడా కాస్త బయట ఉండమన్నారు, ప్రార్థన కదా అని.”

ఆశాజ్యోతి ఫోన్‌ని స్పీకర్లో పెట్టి పల్లంరాజు వైపు తిరిగింది. “ఐసీయూ దగ్గర మీ కానిస్టేబుల్ ఉన్నాడు కదా?”

“ముద్దాయి దొరికింది కదా అని పొద్దున్నే వెనక్కి పిలిపించేశాను.” అంటూనే పల్లంరాజు జీపు వైపు పరిగెత్తాడు, రెండో చేత్తో ఆసుపత్రి నంబరు నొక్కుతూ. అటు నుంచి అన్ని లైన్లూ బిజీగా ఉన్నాయన్న రికార్డు గొంతు వినబడింది.

“బేబి గారూ, పైకి వెళ్ళండి. ఇప్పుడే. అరుస్తూ వెళ్ళండి. ఆ గ్లాసు మీ అన్నయ్య నోటికి తగలకూడదు. నిన్న ఆయన మింగింది అదే.”

ఫోన్లో స్టీలు గ్లాసు కింద పడ్డ చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు.

“ఐసీయూ నాలుగో అంతస్తండి,” అంది బేబి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అప్పటికే రొప్పుతోంది. “లిఫ్టు పొద్దున్నించీ పనిచెయ్యట్లేదు.”

జీపు కదిలింది. ఆశాజ్యోతి చేతిలోని ఫోన్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు, మధ్యలో ఆయాసం, మళ్ళీ చెప్పుల చప్పుడు. ఇంతలో ఆవిడ చెప్పులు విప్పేసినట్టుంది, అడుగులు వడివడిగా పడుతున్నాయి.

“మొదటి అంతస్తు,” అంది బేబి.